అక్కరలేని గుర్తులు

లచ్చయ్యకు కాళ్లు వాచినప్పుడు గర్శకుర్తిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సాంచెలు నడిపేవాళ్లకు కాళ్లు వాయడం కొత్తేం కాదు. పొద్దున షెడ్డులో అడుగుపెడితే పొద్దుగూకేదాకా నిలబడే ఉండాలి. ఆ మరమగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగును ముడివేస్తూ, అయిపోయిన కండె తీసి కొత్తది పెడుతూ, ఆ చప్పుడులో మాట వినపడక పక్కవాడితో సైగలతో మాట్లాడుతూ గడపాలి. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. మందుల దుకాణంలో నొప్పుల గోలీ అడిగి తెచ్చుకుంటారు. లచ్చయ్య ఆ గోలీలను ఏళ్ల తరబడి, తిన్నాక వక్కపలుకు నోట్లో వేసుకున్నంత మామూలుగా వేసుకున్నాడు.

పట్టించుకున్నది పక్కింటి రోజారాణి. ఆమె తండ్రి దేవదాస్, లచ్చయ్య ఒకే షెడ్డులో పనిచేస్తారు. పుట్టినప్పటి నుంచి ఆమెకు లచ్చయ్య అంటే కాకా, ఆయన భార్య అనసూర్య అంటే చిన్నవ్వ. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన రోజారాణి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు రక్తపరీక్షల సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరింది. రోజూ గంగాధర మీదుగా బస్సులో పోయి వస్తుంది.

"కాకా, ఒక్కసారి నాతోని రా. అన్ని పరీక్షలు చేపిస్త," అని పట్టుబట్టి ఆయనను సెంటర్‌కు తీసుకుపోయింది. వివరాలు ఆమే ఎక్కించింది. పేరు తెలుగులో కొట్టింది. తెలుగులో పేర్లు రాయడం ఆ సెంటర్‌లో ఆమె తెచ్చిన మార్పే. అంతకుముందు ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు. ఆ కాగితం చేతికిస్తే, అది తమదో కాదో కూడా తెలియక సగం మంది మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. తెలుగులో వచ్చినప్పటి నుంచి పెద్దవాళ్లు కూడా తమ పేరు తామే చదువుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోతున్నారు. సెంటర్ నడిపే డాక్టర్ ప్రమోదిని ఆ మార్పును మెచ్చుకుంది కూడా.

లచ్చయ్య రిపోర్టులో అన్నీ బాగానే ఉన్నాయి. కిడ్నీలు బాగున్నాయి, షుగర్ లేదు.

"నేను చెప్పలే? ఉత్తగనే పరేషాన్ అయినవ్ బిడ్డా," అన్నాడు లచ్చయ్య. గోలీలు ఎప్పటిలాగే వేసుకున్నాడు.

ఎండాకాలం పోయి వానలు పడేనాటికి ఆయనకు అన్నం సయించడం మానేసింది. ఒకరోజు షెడ్డులోనే వాంతులు చేసుకుని, ఊపిరాడక కూలబడ్డాడు. దేవదాస్, ఇంకో ఇద్దరు కలిసి ఆటోలో కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకువచ్చారు. కబురు తెలిసి రోజారాణి సెంటర్ నుంచి అటే పరుగెత్తింది. ఏళ్ల తరబడి వేసుకున్న నొప్పుల గోలీల వల్ల రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని అక్కడి డాక్టర్ చెప్పాడు. ఇంతకుముందు పరీక్షలేమైనా చేయించారా అని అడిగాడు. అనసూర్య సంచిలోంచి ఆ పాత రిపోర్టు తీసి ఇచ్చింది.

డాక్టర్ దాన్ని ఒకసారి చూశాడు. చేతిలోని కొత్త కాగితాన్ని చూశాడు. మళ్లీ పాతదాన్ని చూశాడు.

"ఇది ఈయనదేనా?"

"ఆయనదే సార్. పేరున్నది కద," అంది రోజారాణి.

"పేరున్నది. కని ఇండ్ల రక్తం గ్రూపు బీ పాజిటివ్ అని ఉన్నది. ఈయనది ఓ పాజిటివ్. కిడ్నీలు ఖరాబు కావొచ్చు, షుగర్ రావొచ్చు. గ్రూపైతే మారదమ్మా."

రోజారాణి ఆ పాత రిపోర్టును చేతిలోకి తీసుకుంది. ఆ కాగితం ఇచ్చింది తానే.

మర్నాడు పొద్దున సెంటర్ తలుపులు తెరవకముందే ప్రమోదిని మేడం ఇంటికి పోయి సంగతంతా చెప్పింది. ప్రమోదిని హుస్నాబాద్ వైపు ఆమె. పెద్ద భూములున్న ఇంట్లో పుట్టి, డాక్టరీ చదివి, ఇక్కడ స్థిరపడింది. ఆమె ఒక్కమాట కూడా తోసిపుచ్చలేదు. చీర మార్చుకుని నేరుగా సెంటర్‌కు వచ్చింది. రక్తం పరీక్షించే యంత్రం తన దగ్గర కూడా ఫలితాలు దాచుకుంటుంది. అందులో ఆ తేదీ తీసి చూశారు. లచ్చయ్య అంకెలు అక్కడున్నాయి. అప్పటికే కిడ్నీల అంకె ఉండాల్సిన దానికంటే చాలా పైన ఉంది. యంత్రం సరిగ్గానే చెప్పింది. యంత్రానికీ కాగితానికీ మధ్య ఎక్కడో ఒక మనిషి అంకెలు ఇంకొక మనిషికి పోయాయి.

ఆ మధ్యన ఉన్నది సుధాకర్ రాసిన సాఫ్ట్‌వేర్. సుధాకర్‌ది చొప్పదండి. కరీంనగర్‌లో చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. రోజారాణికి ప్రోగ్రాములు నేర్పిందీ, ఈ ఉద్యోగం గురించి చెప్పిందీ అతనే. ఫోన్ చేయగానే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి అతని ముఖం మాడిపోయింది.

"చెప్పన్నా," అంది రోజారాణి.

"ఒక్కొక్కల ఫలితాలు ఒక్కో ఫైలుల దాస్త. ఫైలుకు పేషెంట్ పేరు, వయసు, తారీఖు కలిపి పేరు పెట్టిన. పేరుల చుక్కలు, గీతలు ఉంటే ఫైలు తయారు కాదు. అందుకని అక్కరలేని గుర్తులు తీసేసే నాలుగు లైన్లు పెట్టిన." అతను తెరమీద ఆ లైన్లను వేలితో చూపించాడు. "ఇవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఉంచుతయి. మిగిలినయన్నీ తీసేస్తయి."

"మిగిలినయన్నీ అంటే?"

"తెలుగు అక్షరాలు సుత."

ఆమెకు అర్థమైంది. తెలుగులో కొట్టిన ఏ పేరైనా ఆ నాలుగు లైన్ల చేతిలో పడగానే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలేది వయసు, తారీఖు. ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్లలో లచ్చయ్య ఈడువాడు, అంజన్న అని ఇంకొకడున్నాడు. ఇద్దరికీ ఒకే ఫైలు తయారైంది. తర్వాత వచ్చిన మనిషి అంకెలు లచ్చయ్య అంకెల మీద పడ్డాయి. పైన పేరు మాత్రం రిజిస్టర్‌లోంచి వస్తుంది కాబట్టి సరిగ్గా అచ్చయింది.

"నంబరు పెట్టి ఉంటే అయిపోయేది. ఫైలు చూడంగనే ఎవరిదో తెల్వాలని పేరు పెట్టిన," అన్నాడు సుధాకర్. "గీ లైన్లు నేను రాసినయి కావు. సైటుల దొరికినయి. అందరు అవే వాడుతరు."

ఆ వారమంతా ముగ్గురూ కూర్చుని, తెలుగు పేర్లు మొదలైనప్పటి నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ యంత్రంలోని ఫలితాలతో సరిచూశారు. ఇంకొందరివీ తారుమారయ్యాయి. ప్రమోదిని ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేసి, తప్పు జరిగిందని చెప్పి, మళ్లీ పిలిపించింది. కొందరు తిట్టారు. ఒకాయన కౌంటర్ మీద కాగితాలు విసిరికొట్టాడు. లచ్చయ్యకు జరిగినంత నష్టం ఇంకెవరికీ జరగలేదు. సుధాకర్ ఆ లైన్లు తీసేసి, నంబర్లు పెట్టాడు. తెలుగు పేర్లు అట్లాగే ఉంచమని ప్రమోదినే చెప్పింది.

ఇక మిగిలింది లచ్చయ్యకు చెప్పడం. దవాఖానలో డయాలసిస్ గదిలో, చేతికి గొట్టాలతో పడుకుని ఉన్నాడాయన. వారానికి రెండుసార్లు అట్లా నాలుగు గంటలు పడుకోవాలి. పరీక్ష చేసిన నాడే గోలీలు ఆపి ఉంటే కిడ్నీలు కొంతకాలం నిలబడేవని, ఎంతకాలమో మాత్రం చెప్పలేనని డాక్టర్ అన్నాడు. రోజారాణి పక్కన స్టూలు మీద కూర్చుని, ఏమీ దాచకుండా మొత్తం చెప్పింది. అనసూర్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

లచ్చయ్య ఆమె వైపు తల తిప్పాడు.

"నా పేరు తెలుగుల రాయబట్టి గిట్లయిందా బిడ్డా?"

"పేరుతోని కాలే కాకా. పేరును చెత్త అనుకున్న లైన్లతోని అయింది."

"గా లైన్లు ఇంక ఎవ్వలన్న వాడుతున్నరా?"

"వాడుతున్నరు. దేశదేశాల వాడుతున్నరు."

"మరి వాళ్లకు చెప్పినవా?"

రోజారాణి లేదన్నట్టు తలూపింది. కోపం చేస్తాడనుకుంది, ఏడుస్తాడనుకుంది. ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

"నాకైతే అయింది. ఇంకొకలకు గాకుంట చెప్పు," అన్నాడు ఆయన, కళ్లు మూసుకుని.

చెప్పడం అంత తేలిక కాదని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి ప్రశ్నలడిగే, జవాబులిచ్చే సైటులో సుధాకర్‌కు ఆ లైన్లు దొరికాయి. జవాబు నచ్చితే ఓటేస్తారు. ఓటుకు పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లే అక్కడ పరపతి. పరపతి ఉన్నవాడు ఇతరుల రాతలు దిద్దొచ్చు, తప్పు ప్రశ్నలు మూసేయొచ్చు. సుధాకర్ వాడిన ఆ నాలుగు లైన్లు గ్రేహెరాన్ అనే పేరుతో ఉన్న ఒక సభ్యుడు పన్నెండేళ్ల కింద ఇచ్చిన జవాబు. "పేరులోంచి ప్రత్యేక గుర్తులు తీసేయడం ఎట్లా?" అన్నది ప్రశ్న. దానికింద వేల ఓట్లున్నాయి. రోజారాణి తన పేరు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకుని సభ్యురాలైంది. ఆ జవాబు కింద హెచ్చరిక రాద్దామని పోతే, కామెంట్ రాయాలంటే యాభై పాయింట్లు ఉండాలని వచ్చింది. ఆమెకున్నది ఒక్కటి. కొత్తవాళ్లందరికీ ఉండేదే.

కామెంట్ కుదరకపోతే కొత్త జవాబుగా రాద్దామనుకుంది. ఈ లైన్లు వాడొద్దని, వీటివల్ల ఒక మనిషికి ఏమైందో రాసింది. తెల్లారి చూస్తే తీసేశారు. ఇది జవాబు కాదు, కామెంట్ రాసే అర్హత వచ్చాక కామెంట్‌గా రాయండి అని ఎవరో నోట్ పెట్టారు. ఈసారి ప్రశ్న రూపంలో అడిగింది. మొత్తం కథ రాసి, "దయచేసి ఎవరైనా సాయం చేయండి సార్, అర్జెంట్" అని ముగించింది. మైనస్ ఓట్లు పడ్డాయి. ఇందులో ప్రశ్న ఏమిటో తెలియడం లేదని ఒకరు, ఇది కథలు చెప్పుకునే చోటు కాదని ఇంకొకరు రాశారు. మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ మాటలు చదివిన రోజారాణి డబ్బా మూత పెట్టేసింది. కళ్లముందు లచ్చయ్య చేతికున్న గొట్టాలు కనిపిస్తుంటే, అవతలివాళ్లకు అది కథ.

సుధాకర్‌కు చెబితే తల పంకించాడు.

"అక్కడ అట్లనే ఉంటది చెల్లే. నువ్వు ఫికర్ చెయ్యకు. నా తాన పిల్లలున్నరు కద. తలా ఒక ఓటు గుద్దుతరు. యాభై ఎంతసేపు?"

"అట్ల చెయ్యొచ్చా అన్నా?"

"మనం చేసేది మంచి పనేనాయె."

ఆ మాటను ఆమె పట్టుకుంది. ఏవో రెండు తేలిక ప్రశ్నలకు జవాబులు రాసింది. ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఓట్లేశారు. యాభై దాటగానే గ్రేహెరాన్ జవాబు కింద హెచ్చరిక రాసింది. మనసు తేలికపడి, ఆదివారం లచ్చయ్య ఇంటికి పోయి చెప్పింది కూడా.

మూడోనాటికి అంతా పోయింది. ఒకేచోటి నుంచి, ఒకే మనిషికి వచ్చిన ఓట్లను సైటు పసిగట్టింది. పాయింట్లు వెనక్కి తీసుకున్నారు. కామెంట్ తీసేశారు. మీరు ఓట్లు ఏర్పాటు చేయించుకున్నారు కాబట్టి నెల రోజులు ఇక్కడ రాయడానికి వీల్లేదు అని మోడరేటర్ దగ్గరి నుంచి సందేశం వచ్చింది. అందులో తిట్లేం లేవు. మర్యాదగానే ఉంది. ఆ మర్యాదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఇంతకుముందు ఆమె మాట ఎవరూ వినలేదు, అంతే. ఇప్పుడు ఆమె మాట నమ్మకూడనిదైపోయింది.

"పోనియ్. ఇంకో పేరుతోని చేరు," అన్నాడు సుధాకర్.

"వద్దన్నా. తప్పు చేసిందని వాళ్లు రాసింది గా పేరు మీదనే. మంచిగ రాసేది సుత గా పేరు మీదనే రాస్త."

లచ్చయ్యకు ఈ సంగతి చెప్పడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. చెప్పకా తప్పలేదు. ఆయన విని, "దొంగ ఓట్లు అయితే తీసేస్తరు గద మరి," అన్నాడు. ఆ మాట సాదాగా, ఉన్నదున్నట్టుగా అన్నాడు. వెక్కిరింత లేదు. ఆమె తలవంచుకుంది.

రాయడానికి వీల్లేని ఆ నెలంతా ఆమె చదివింది. పొద్దున బస్సులో, మధ్యాహ్నం భోజనం వేళ, ఆదివారాలు ఇంటి ముందరి గద్దె మీద కూర్చుని. మంచి ప్రశ్న ఎట్లుంటుందో, మూతపడ్డ ప్రశ్న ఎందుకు మూతపడిందో చూసింది. తన ప్రశ్న మళ్లీ చదువుకుంటే, కోపం పక్కనపెట్టి చూస్తే, అందులో నిజంగానే ప్రశ్న లేదు. బాధ ఉంది. బాధకు జవాబు ఎవరైనా ఏమివ్వగలరు? డిగ్రీలో అరకొరగా వదిలేసినదంతా మొదటి నుంచి నేర్చుకుంది. అక్షరాలను కంప్యూటర్ ఎట్లా దాచుకుంటుందో, మన గుణింతాలు, ఒత్తులు విడివిడి గుర్తులుగా ఎందుకు ఉంటాయో, రెండు భాషల అక్షరాలు కలిస్తే ఏమవుతుందో రాసుకుని మరీ తెలుసుకుంది.

నెల గడిచాక ఆమె గ్రేహెరాన్ జవాబు జోలికి పోలేదు. జవాబులు లేని ప్రశ్నలు వెతికింది. అట్లాంటివి ఎన్నో ఉన్నాయి. ఇంగ్లిష్ కాని అక్షరాలతో అవస్థపడేవాళ్లవి. నేపాల్ నుంచి ఒకతను పేర్లను పది అక్షరాలకు కత్తిరిస్తే ఒత్తులు తెగి వికారంగా కనిపిస్తున్నాయని అడిగాడు. నెలల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. రోజారాణి రెండు రోజులు కూర్చుని, రాసి, నడిపి చూసి, జవాబు పెట్టింది.

దాన్ని మొదట చూసింది తిలిని అనే ఆమె. సింహళ అక్షరాల మీద పనిచేసే శ్రీలంక ఇంజనీరు. సైటులో ఎన్నాళ్ల నుంచో ఉంది, మంచి పరపతి ఉంది. రోజారాణి జవాబులోని ఇంగ్లిష్‌ను దిద్ది, కింద ఒక మాట రాసింది: "మీరు చెప్పింది సరైనది. అయితే చదివేవారు తొందరలో ఉంటారు. ముందు వాళ్లకు కావలసింది చూపించండి, కారణం తర్వాత చెప్పండి. క్షమించమని మూడుసార్లు రాశారు. ఒక్కసారీ అక్కర్లేదు."

నేపాల్ అతను ఆ జవాబును ఒప్పుకున్నాడు. పాయింట్లు వచ్చాయి. తక్కువే. కానీ ఇవి తెలియనివాళ్లు వేసినవి. ఆమె ఎవరో, ఎందుకు వచ్చిందో, ఏ ఊరిదో వాళ్లకు తెలియదు. ఆమె రాసింది పనిచేసింది, అంతే. రోజారాణి ఆ తెరను చాలాసేపు చూసింది.

ఒకసారి మాత్రం పొరపాటు చేసింది. కన్నడ అక్షరాలను వరుసక్రమంలో పెట్టడం గురించిన ప్రశ్నకు, నడిపి చూడకుండా, తనకు తెలుసనుకుని జవాబిచ్చింది. మైనస్ ఓటు పడింది. ఇది కొన్ని పేర్లకు తప్పు ఫలితం ఇస్తుందని ఎవరో రాశారు. తన జవాబు కూడా ఎవరో ఒక సుధాకర్ తీసుకుపోయి ఏ దవాఖానలోనో పెట్టుకుంటే? వెంటనే పైన "ఈ జవాబు తప్పు, వాడకండి" అని రాసి, సరిచేసే పనిలో పడింది. ఆదివారమంతా దానికే పోయింది. సరైనది పెట్టాక, మైనస్ వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. నడిపి చూడక తప్పు చేసిన సంగతి లచ్చయ్యకు కూడా చెప్పింది.

డయాలసిస్ రోజుల్లో సెంటర్ పని కాగానే లచ్చయ్య దగ్గరికి పోయేది. ఆయన కృంగిపోయాడు. షెడ్డుకు పోవడం మానేశాడు. నీళ్లు కొలిచి తాగాలి. ఆ బాధ ఆయనకు అన్నిటికంటే పెద్దది. ఇంట్లో అనసూర్య కండెలు చుట్టడం మొదలుపెట్టింది. దేవదాస్ పొద్దునా సాయంత్రం ఒకసారి వచ్చి, కాసేపు కూర్చుని పోతాడు.

"పాయింట్లు ఎందాక వచ్చినయి?" అని అడిగేవాడు లచ్చయ్య ఆమెను చూడగానే.

"ఇంక కావాలె కాకా."

"తొందరేం లేదు. సక్కగ రాని."

చలికాలం మొదలయ్యాక ఒక పొద్దున, బస్సు గంగాధర దాటుతుండగా, ఫోన్‌లో యాభై దాటినట్టు కనిపించింది. ఆమె వెంటనే రాయలేదు. సెంటర్‌కు పోయి, కౌంటర్ తెరిచి, వచ్చినవాళ్లను పంపి, భోజనం వేళ కూర్చుంది. ఏం రాయాలో నెలల నుంచి మనసులో ఉంది. ఈసారి కథ రాయలేదు. రెండు పేర్లు రాసింది, తెలుగులో. లచ్చయ్య, అంజన్న. ఈ లైన్లు నడిపితే రెండూ ఖాళీ అవుతాయని, అప్పుడు ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారని, ఇంగ్లిష్ అక్షరాలు వాడని ప్రతి భాషలోనూ ఇదే జరుగుతుందని రాసింది. సరైన పద్ధతి ఉన్న చోటును చూపించింది. మొత్తం నాలుగు వాక్యాలు.

మర్నాటికి గ్రేహెరాన్ జవాబిచ్చాడు. ముక్తసరిగా ఉంది. "ప్రశ్న ప్రత్యేక గుర్తుల గురించి. అడిగినదానికి జవాబిచ్చాను. మీ అవసరం వేరు."

రోజారాణి ఆ మాటను రెండుసార్లు చదివింది. వేడివేడిగా ఏదో రాసి తుడిచేసింది. ప్రమోదిని ఇచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి ఇట్లా రాసింది: "ప్రశ్నలో ఇంగ్లిష్ పేర్లని లేదు. పేర్లని ఉంది. లచ్చయ్య అన్నది ప్రత్యేక గుర్తు కాదు. ఒక మనిషి పేరు."

ఆ తర్వాత ఆమె ఇంకేమీ రాయలేదు. కిందికి వచ్చి మాట కలిపినవాళ్లు వేరేవాళ్లు. తిలిని సింహళ పేర్లతో అదే చూపించింది. నేపాల్ అతను తన ఊరి పేర్లతో చూపించాడు. గ్రీస్ నుంచి ఒకరు, ఇథియోపియా నుంచి ఒకరు తమ తమ అక్షరాల్లో పేర్లు రాసి, అన్నీ ఖాళీ అవుతున్నాయని పెట్టారు. ఎవరూ తిట్టలేదు. ఆ కింద వరుసగా మనుషుల పేర్లు, ఒకరివి ఒకరు చదవలేని అక్షరాల్లో, పేరుకుపోయాయి.

గ్రేహెరాన్ కొన్నాళ్లు కనిపించలేదు. తర్వాత ఒకరోజు ఆ పాత జవాబు మారింది. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, కింది పద్ధతిని మనుషుల పేర్లకు వాడకూడదని ఉంది. దాని కింద సరైన పద్ధతి ఉంది. పాత నాలుగు లైన్లు అడుగుకు పోయాయి. ఎవరు చెబితే మార్చాడో పేరు రాశాడు, తెలుగు అక్షరాల్లోనే. కామెంట్లలో ఆమెకు విడిగా ఒక మాట పెట్టాడు: "పన్నెండేళ్ల కింద ఇది రాసినప్పుడు నా ఆఫీసులోని పేర్లే నా కళ్లముందున్నాయి. మీరిచ్చిన ఉదాహరణ ఊహించి రాసింది కాదనిపిస్తోంది. దీనివల్ల ఎవరికైనా హాని జరిగిందా?"

రోజారాణి జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. ఆయనను బాధపెట్టాలని లేదు. అబద్ధం చెప్పాలనీ లేదు. ఇందులో తన చేయి ఎంత, సుధాకర్ చేయి ఎంత, ఆయన చేయి ఎంత అని తూచి చెప్పడం ఎవరివల్లా కాదు. "జరిగింది. మేమూ సరిచూసుకోవలసింది. మీకు చెప్పమన్నది ఆ లచ్చయ్యే," అని రాసింది.

దానికి ఏ జవాబూ రాలేదు. ఆమె ఎదురుచూడలేదు.

ఆ సాయంత్రం దవాఖానకు పోయేసరికి లచ్చయ్యకు డయాలసిస్ సగమైంది. ముఖం పాలిపోయి ఉంది. అనసూర్య కాళ్లు ఒత్తుతోంది. రోజారాణి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మార్చిండు కాకా."

ఆయన కళ్లు తెరిచాడు. "గా జవాబు రాసినాయనా?"

"ఆ. పేర్లకు వాడొద్దని పైననే రాసిండు."

"ముందుగాల ఒప్పుకోలేదంటివి?"

"ఒప్పుకోలే. తర్వాత చూసుకున్నడు."

"మంచోడే అన్నట్టు."

"మంచోడే."

యంత్రం చప్పుడు చేస్తూ తిరుగుతోంది. అనసూర్య చేతులు ఆగిపోయాయి. "అండ్ల రాస్తే ఈయనకు ఏమొచ్చె?" అంది, ఎవరినీ చూడకుండా. ఆ మాటలో కోపం ఉంది. ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నది.

"నాకేం రాదు," అన్నాడు లచ్చయ్య మెల్లగా. "నాకు వచ్చేది వచ్చింది. ఊకో." రోజారాణి వైపు తిరిగాడు. "ఇగ నీ పని అయిపోయినట్టేనా అండ్ల?"

"లేదు కాకా. బర్మా నుంచి ఒకామె ఏదో అడిగింది. ఓట్ల జాబితల పేర్లు విరిగిపోతున్నయట. ఎవ్వలు చెప్పలేదట."

"నీకెర్కేనా అది?"

"ఇంకా చూడలే. చూసి చెప్తా."

"నడిపి చూసి చెప్పు," అన్నాడు లచ్చయ్య, ముఖం గోడవైపు తిప్పుకుంటూ.

రోజారాణి డయాలసిస్ అయిపోయేదాకా అక్కడే కూర్చుంది. గొట్టాలు తీశాక, ఒకపక్క అనసూర్య, ఒకపక్క తాను పట్టుకుని ఆయనను మెట్లు దింపారు. ఆటో దొరకడానికి కొంత సేపు పట్టింది.